గుగ్గిలం పెట్టిన కారు

మొన్న వాన వెలిశాక నాన్నను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి తిరిగి వస్తున్నాను. మా కాలనీ మలుపులో బ్రేకు వేయగానే ఎడమవైపు తలుపులో నీళ్లు గలగలమన్నాయి. తలుపు పక్కన కాదు, తలుపు లోపలే. కారు ఆగిన తర్వాత కూడా కాసేపు అటూ ఇటూ ఊగి అప్పుడు సర్దుకున్నాయి.

నాకు ఒళ్లు మండింది. ఈ కారు నా దగ్గరికి రాకముందే రెండు చేతులు మారింది. వచ్చాక నేను దీనికి చేయని సేవ లేదు. ఆయిలు నేనే మారుస్తాను. ప్లగ్గులు నేనే విప్పి తుడుస్తాను. బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లు పోసి నేనే కడుగుతాను. ఆడమనిషి బానెట్‌లో తల దూర్చిందని వీధిలో ఎవరైనా నిలబడి చూస్తే చూసుకోనిస్తాను. ఇంత చేసినా ఇది ఎప్పుడూ ఏదో ఒక కొత్త రోగం బయటపెడుతూనే ఉంటుంది.

వెనక సీట్లో కూర్చున్న నాన్న మాత్రం ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"ఇన్నావేటే? అచ్చం మన పాత బండి లాగే మాటాడతన్నాది."

"నవ్వకు నాన్నా. తలుపులో నీళ్లు నిలిసిపోయినాయి."

"నిలిస్తే మంచిదే కదే గుంటా. సుక్క కిందకి కారట్నేదంటే అడుగు గట్టిదన్నమాట."

యాభై దాటినా ఆయనకి నేను గుంటనే, చిన్నపిల్లనే. ఆ మాట విన్నాక ఇల్లు చేరేదాకా నా ముక్కులో గుగ్గిలం పొగ వాసన వదల్లేదు. ఆ వాసన పీల్చి ఎన్నాళ్లయిందో!

మాది నరసన్నపేటకి తూర్పున, జీడితోటలూ ఇసుక దిబ్బలూ దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. మగవాళ్లు వేటకి వెళ్లేవారు, ఆడవాళ్లు చేపలు అమ్మేవారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, నెత్తి మీద గంప పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. ఆమె వీధి మలుపులో ఉండగానే మాకు వాసన వచ్చేది. చేపల వాసన, చుట్ట వాసన, చెమట వాసన కలిసి ఒకటే వాసనయ్యేది. నాకు అది ఇప్పటికీ ఇష్టమే.

ఒక చలికాలంలో మా పెదనాన్న వేటకి వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. కర్మ కార్యాలు అయ్యాక అమ్మ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను పక్కనే చోడి అంబలి తాగుతూ, కాల్చిన ఎండుచేప నంజుకుంటున్నాను. అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా తల మీద పెట్టింది.

"ఇంక పడవెక్కనని దీని తల మీద ఒట్టెయ్యి."

 "ఎక్కను" అన్నాడు నాన్న. నా నోట్లో ఉన్న అంబలి మింగాలో వద్దో నాకు తెలియలేదు.

ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశారో వాళ్ల తల పగిలిపోతుందని మా పిల్లలందరికీ తెలుసు. దానికి విరుగుడు కూడా ఉంది. తల తాకిన చేత్తో నేలని తాకి "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసేను" అంటే చాలు, ఆ ఒట్టు చెల్లదు. దొంగతనంగా జీడిపప్పు తిన్న ప్రతిసారీ మేం అలాగే తప్పించుకునేవాళ్లం. కాని అది పిల్లల ఒట్లకి. పెద్దవాళ్లు ఏడుస్తూ వేసిన ఒట్టుకి ఆ విరుగుడు పనిచేస్తుందో లేదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

పడవెక్కని మనిషి మా ఊళ్లో ఏం చేసి బతకాలి? ఆ ఆలోచన మా మావకే వచ్చింది. అమ్మ తమ్ముడు, సాలూరులో లారీ డ్రైవరు. ఎప్పుడొచ్చినా ఒంటినిండా డీజిలు వాసన, చేతినిండా పకోడీ పొట్లం. "పడవెక్కొద్దంటే కారెక్కు బావా" అన్నాడు. నాన్న పడవలో తన వాటా, వలలు అన్నీ అమ్మేశాడు. కొన్నాళ్లకి మావ ఒక ముసలి కారుని లారీ వెనక తాడుతో కట్టి మా ఊరు లాక్కొచ్చాడు. నల్ల కారు. గుండ్రటి వీపు. ముందు లైట్లలో ఒక కన్ను వెలిగేది, ఇంకోటి వెలిగేది కాదు. సీట్ల రెక్సిన్ చీలి లోపలి కొబ్బరిపీచు బయటికి వచ్చింది. మా పిల్లలకి మాత్రం అది దేవతలు దిగి వచ్చిన రథమే.

దాన్ని బాడుగకి తిప్పాలని నాన్న ఆశ. పెళ్లివాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు, పొద్దున్నే నరసన్నపేట వెళ్లే చేపల గంపలు, ఏదైనా సరే. అమ్మకి దేవుడి కంటే ఆ కారు మీదే భక్తి ఎక్కువ. పొద్దున లేవగానే దాని టైరు తాకి కళ్లకి అద్దుకునేది. "బండి నడిసినన్నాళ్లే మీ అయ్య గట్టు మీదుంటాడు" అని నాతో అంది ఒకసారి. ఆ రోజు నుంచి కారు దగ్గినప్పుడల్లా నేను తల తడుముకునేదాన్ని.

నాన్నకి కారు తోలడం మావ నేర్పాడు. బాగు చేసుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆయనకి తెలిసింది పడవ. కాబట్టి కారుని పడవ లాగే చూసుకున్నాడు. ఎండలు ముదిరి వేట ఆగినప్పుడు మా ఊళ్లో పడవలని ఇసుక మీద పక్కకి ఒరిగించి, సందుల్లో కొబ్బరిపీచు కూరి, నూనెలో కరిగించిన గుగ్గిలం పోసేవారు. అడుగున చీమ దూరే సందు కూడా మిగలకూడదు. ఆ ఏడాది పడవల వరసలో మా కారు కూడా చేరింది.

దాన్ని కూడా పక్కకి ఒరిగించాలన్నాడు నాన్న. ఇరుగుపొరుగు మగవాళ్లందరూ వచ్చి భుజాలు ఆనించారు. "హైలెస్సా" అని ఒక్కసారి ఎత్తేసరికి కారు పాత వలల కుప్ప మీదికి పడుకుంది. మేం పిల్లలం చప్పట్లు కొట్టాం. ఆ వెంటనే దాని కడుపులోంచి ఒక్కొక్కటీ బయటికి రావడం మొదలైంది. ముందు నల్లటి ఆయిలు, తర్వాత బ్యాటరీ నీళ్లు, ఆఖరికి పెట్రోలు. ఖాళీ పడవలో అలాంటివేమీ ఉండవు కదా, ఎవరికీ తోచలేదు. అన్నీ ఇసుకలో ఇంకిపోతుంటే అందరూ చూస్తూ నిలబడ్డారు. మామ్మ చుట్ట వెలిగించుకోబోతే నాన్న కెవ్వున అరిచాడు.

సరిగ్గా అప్పుడే మావ వచ్చాడు. "ఓలమ్మో! ఇదేటి బావా? ఇది పడవనుకున్నావేటి? దీని కడుపులో సరుకుంటాది!" అని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు. నాన్న మాత్రం నవ్వలేదు. కారు అడుగు చూస్తున్నాడు. నేల రేకులో గుండ్రటి కన్నాలు. తలుపుల కింది అంచుల్లో సన్నటి చీలికలు. ఒకటి కాదు, రెండు కాదు.

"ఇన్ని కన్నాలున్న బండిని నాకు అంటగట్టేవేటి?" అన్నాడు మావతో.

మావ వంగి చూశాడు. "ఏటో బావా, సేసినోడే ఈ కన్నాలెట్టుంటాడు. మా లారీ తలుపులకీ ఇలాగే ఉంటాయి. ఎందుకో నాకూ తెలీదు. అలాగే ఒగ్గీ, మూసీకు."

"సేసినోడు సముద్రం సూసేడేటి?" అన్నాడు నాన్న.

అక్కడున్నవాళ్లంతా గొల్లుమన్నారు. మావ కూడా నవ్వేశాడు. సముద్రం మాట వచ్చాక మా ఊళ్లో ఇంకెవరి మాటా చెల్లదు.

నాన్న ప్రతి కన్నం చుట్టూ సున్నంతో గీత గీశాడు. మామ్మ మూడు రాళ్ల పొయ్యి మీద గుగ్గిలం కరిగించింది. ఆ పొగ కళ్లని మండిస్తుంది గానీ పీల్చేకొద్దీ పీల్చాలనిపిస్తుంది. అమ్మ తొడ మీద కొబ్బరిపీచు పేనుతూ, మొద్దు ఉలితో ఒక్కో సందులోకి దట్టించింది. ఆ పనిలో మా వాడలో అమ్మని మించినవాళ్లు లేరు. నాన్న గీత గీయకుండా వదిలేసినవి కూడా వేలిగోరుతో తడిమి పట్టుకునేది. "ఇక్కడొకటున్నాది, సూడనేదు నువ్వు" అనేది. మిగతా ఆడవాళ్లు తాటిముంజెలు తింటూ కబుర్లు చెప్పుకుంటుంటే అమ్మ ఒక్కత్తీ తల ఎత్తకుండా సాయంత్రందాకా కూరింది. పెదనాన్న పోయాక అమ్మ ముఖం తేటగా ఉండటం నేను చూసింది ఆ రోజే.

తర్వాత కొన్నాళ్లు బాగా గడిచాయి. అవి తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు నవ్వొస్తుంది. పెట్రోలు టాంకీ కారితే మావ చెప్పినట్టు సబ్బు ముక్క అరగదీశారు. ఆ రోజు అందరం సబ్బు లేకుండా స్నానం చేశాం. రేడియేటరు కారితే మామ్మ పిడికెడు పసుపు వేసింది. నిజంగానే కారడం తగ్గింది. కాని బండి వేడెక్కితే పులుసు కాగిన వాసన వచ్చేది. ఫ్యాన్ బెల్టు తెగితే నాన్న వల తాడు పేని తగిలించాడు. ఒకసారి నేను సైలెన్సరు గొట్టంలో జీడిపండు దోపాను. మర్నాడు కారు లేవలేదు. నాన్న ప్లగ్గులు కిరసనాయిలులో కడిగాడు, పాయింట్లు ఉప్పుకాగితంతో గీకాడు, ముందు హ్యాండిలు తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కించుకున్నాడు. మధ్యాహ్నానికి ధడేలుమని పేలి, పండు పోయి మామ్మ ఆరబోసిన నెత్తళ్ల చేపల మీద పడింది. అది ఎవరి పనో అమ్మకి ఒక్కతెకే తెలిసింది. ఆమె నన్ను కొట్టకుండా కారుకి దండం పెట్టించింది.

పెళ్లి బాడుగ ఒకటి తగిలింది. కారుకి పూలు చుట్టారు. పెళ్లికొడుకు ఎక్కీ ఎక్కగానే ముక్కు మూసుకున్నాడు. మామ్మ పొద్దున డిక్కీలో పెట్టిన ఎండుచేపల బుట్ట దింపడం మర్చిపోయింది. "శుభం బాబూ, లక్ష్మి వాసనది" అని నాన్న సముదాయించాడట. పెళ్లికొడుకు మాత్రం దారిపొడవునా తల బయటపెట్టుకునే కూర్చున్నాడట.

వానలు పట్టాక కారు మాట్లాడటం మొదలుపెట్టింది. మలుపు తిప్పినప్పుడల్లా తలుపుల్లో నీళ్లు గలగల. "ఏటయ్యా, కార్లో సముద్రం ఎట్టుకు తిరగతన్నావేటి?" అని ఎక్కినవాళ్లు వేళాకోళమాడేవారు. నాన్న గర్వంగా తలుపు మీద అరచేత్తో చరిచేవాడు. "సుక్క కారదు బాబూ. మా యావిడ సేతి పని" అనేవాడు. మేం పిల్లలం తలుపుకి చెవి ఆనించి పడుకునేవాళ్లం. లోపల అలలు వినిపించేవి.

ఆ వానాకాలం పోయేసరికి తలుపుల అడుగున రంగు కింద బుడగలు లేచాయి. గోరుతో గిల్లితే ఎర్రటి పొడి రాలేది. మామ్మ ఉప్పుగాలి అంది. అమ్మ దిష్టి అంది, గుమ్మడికాయ తిప్పి పగలగొట్టింది. మావ దాని వయసు అన్నాడు. నాన్న మాత్రం మళ్లీ గుగ్గిలం కరిగించాడు. బుడగ లేచిన చోటల్లా పోశారు. ఎంత పోస్తే అంత తొందరగా ఇంకోచోట లేచేది. కాని కింద చుక్క పడేది కాదు. చుక్క పడనంతకాలం అడుగు గట్టిగానే ఉందని మా అందరి నమ్మకం.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున నాన్న అమ్మనీ మామ్మనీ నన్నూ చేపల గంపలతో నరసన్నపేట సంతకి తీసుకెళ్తున్నాడు. హైవే ఎక్కేముందు గతుకులో చక్రం పడింది. నేల రేకు అప్పడంలా విరిగింది. వెనక సీటు ఒక పక్కకి దిగబడిపోయింది. మామ్మ కాలు కిందికి జారి రోడ్డు గీరుకుపోయింది. నాన్న బండి ఆపేసరికి మామ్మ పాదమంతా రక్తం. అయినా ఆమె ముందు "గంపలున్నాయా?" అనే అడిగింది. అమ్మ కిందికి దిగి, విరిగిన రేకు వైపు చూసి, అక్కడే రోడ్డు పక్కన మట్టిలో కూర్చుండిపోయింది.

మావ కబురందుకుని వచ్చాడు. స్క్రూడ్రైవరుతో పొడిచిన చోటల్లా రేకు లోపలికి దిగిపోయింది. ఎర్రటి బురద నీళ్లు కారాయి. "లోపల్నుంచే తినీసింది బావా. ఎలగొచ్చిందో ఈ తెగులు!" అన్నాడు. వెల్డింగు అతను కూడా వచ్చి చూశాడు. "అతకాలంటే పక్కన ఇనుం ఉండాలి కదయ్యా. దీన్ని దేనికి అతకమంటావు?" అని వెళ్లిపోయాడు. నాన్న ఇంకా నాలుగు రోజులు కారు కింద పడుకుని గోనెగుడ్డ, గుగ్గిలం, తగరపు రేకు, వల తాడు, ఏది దొరికితే అది కట్టి చూశాడు. నేను అన్నం తీసుకెళ్తే కింది నుంచి కాళ్లు మాత్రం కనిపించేవి. ఆ కాళ్లు ఊరికే, ఏ కదలికా లేకుండా ఉండేవి. అప్పటికి ఆయన బాగు చేయడం మానేశాడని నాకు తర్వాత అర్థమైంది.

కారు తుక్కు కింద పోయింది. ఒక తలుపు మిగిలితే కోళ్లగూటికి పెట్టాం. ఆ సంవత్సరమే గుజరాత్ బోట్ల మీద పనికి మా ఊరి మగవాళ్లని తీసుకెళ్లే మనిషి వచ్చాడు. నాన్న మళ్లీ సముద్రం మీదికే వెళ్లాడు. అది మా సముద్రం కూడా కాదు. బయలుదేరే రోజు అమ్మ లోపలి నుంచి రాలేదు. నాన్న నా ముందు గొంతుక్కూర్చుని నా తల మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆ చెయ్యి ఇసుకకి ఆనించాడు.

"ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసేను. నీకేటీ అవదు, భయపడకు."

ఆ పిల్లల మాట ఆయనకి తెలుసని నేను ఎప్పుడూ అనుకోలేదు. చాలా రోజులు పొద్దున లేవగానే తల తడిమి చూసుకునేదాన్ని. నా తలకి ఏమీ కాలేదు. కావలసింది వేరేచోట అయింది. ఆ తర్వాత నాన్న మాకు ఎండాకాలం చుట్టం. నేను పెద్దమనిషినైనప్పుడు ఆయన లేడు. మామ్మ పోయినప్పుడు లేడు. అమ్మకి జ్వరం ముదిరి మాట పడిపోయినప్పుడు బోటు నడిసముద్రంలో ఉంది. కబురు అక్కడి గట్టుకి చేరింది గానీ ఆయన గట్టుకి చేరలేదు. వచ్చేసరికి అమ్మ మంచం కూడా ఎత్తేశారు. ఆయన నేరుగా కోళ్లగూటి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ కోళ్లగూడు లేదు. మా వీధి వీధంతా సముద్రంలో కలిసిపోయింది. పడవలన్నీ ఫైబర్‌వి, గుగ్గిలం అంటే సాంబ్రాణి అనుకునే పిల్లలు పుట్టారు. మావ కూడా లేడు. విజయనగరంలో ఈ అద్దె ఇంట్లో నాన్నా నేనూ మిగిలాం, ఆ రోజులు గుర్తున్నవాళ్లం.

నిన్న ఆదివారం. వాకిట్లో గోనెసంచి పరుచుకుని కారు పక్కన వెల్లకిలా పడుకున్నాను. నాన్న కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఒక కంటికి ఇంకా పట్టీ ఉంది. చేతిలో పాతగుడ్డ చింపి ఉండలు చుడుతున్నాడు, నేను అడిగితే ఇవ్వడానికి.

"పైనుంచి నీళ్లెక్కడ దిగతన్నాయో సూసి కూరీ. కింద మాత్రం ఏ కన్నవూ ఒగ్గీకు" అన్నాడు.

తలుపు కింది అంచు వెంట వేలు పోనిచ్చాను. మట్టి గట్టిగా పట్టేసిన చోటు ఒకటి తగిలింది. జడపిన్ను తీసి పొడిచాను. మట్టి ఊడింది. వెంటనే నీళ్లు ధారగా నా మోచేతి మీద పడ్డాయి. మురిగిన నీళ్లు. తుప్పు తిన్న కన్నమేమో అనుకున్నాను. గుడ్డతో తుడిచి టార్చి వేసి చూశాను. తుప్పు కాదు. అంచు నున్నగా ఉంది. లోపలిదాకా రంగు వేసి ఉంది. అలాంటిదే ఇంకొంచెం పక్కన ఇంకొకటి. అటువైపు తలుపు కిందికి వెళ్లి చూశాను. సరిగ్గా అదే చోట, అలాంటివే.

అద్దం పక్క నుంచి ప్రతి కారు తలుపులోకీ వాన నీళ్లు దిగుతాయి. దిగినవి పోవడానికే ఆ దారి. అది మూసుకుపోతే నీళ్లు లోపలే ఉండి ఇనుముని తింటాయి. నాకు అంతా ఒక్కసారే అర్థమైంది. అర్థమయ్యాక అక్కణ్నుంచి లేవాలనిపించలేదు. అమ్మ తొడ మీద పీచు పేనడం కనిపించింది.

"నీళ్లు కారతన్నాయి! కన్నం పెద్దది సేసీసేవేటే?" నాన్న కేకేశాడు.

"నేదు నాన్నా. అది ముందునుంచీ ఉన్నాదే."

"ముందునుంచీ అంటే?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. నోటికి రాలేదు. "సేసినోళ్లే ఎట్టేరు నాన్నా. నీళ్లు పోడానికి" అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఉండలు చుట్టడం ఆగింది. నీళ్లు ఇంకా కారుతున్నాయి. ధార సన్నబడి, చుక్కలై, ఆ చుక్కలు కూడా ఆగాయి.

"మన బండికీ ఇక్కడే ఉండేవి" అన్నాడు నాన్న. "మీ మావ సెప్పేడు, ఒగ్గీమని."

నేను లేచి కూర్చున్నాను. ఆయన నా వైపు చూడటం లేదు. గుడ్డ ఉండల్ని ఒక్కొక్కటే విప్పి, మోకాలి మీద పరిచి, చేత్తో సాపు చేస్తున్నాడు.

"ఒక్కటీ ఒగ్గలేదే మీ యమ్మ. నాను ఒగ్గేసినవి కూడా ఎతికి ఎతికి కూరింది."

"అవును నాన్నా."

"మీ యమ్మకి మాత్రం సెప్పకే."

అమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"సెప్పను నాన్నా" అన్నాను.